నల్ల కారు, నాన్న గుడ్డ, మూడు ప్యాడ్లు

ఒక పని చేయండి. ఈ రాత్రి భోజనం అయ్యాక కిందికి దిగి, మీ కారు బానెట్ మీద ఫోన్ టార్చ్ వేసి చూడండి. మీకు కారు లేకపోతే ఓనర్‌ని అడిగి పక్కింటివాళ్లది చూడండి. వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. పగలు మెరుస్తూ కనిపించే కారుకి రాత్రి టార్చ్ కింద వేరే ముఖం ఉంటుంది. వీటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. నల్ల కారైతే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. మాది నల్ల కారు.

రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బీటెక్ అయ్యాక 2019లో అమీర్‌పేట మైత్రీవనం పక్కన కోర్సు చేస్తూ, ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో నలుగురం ఒక రూమ్‌లో ఉన్నప్పుడు, "ఉద్యోగం వచ్చాక మొదట కారు" అని గోడ మీద రాసుకున్న బ్యాచ్ మాది. ఉద్యోగం వచ్చింది, రూమ్ పోయి ఫ్లాట్ వచ్చింది, కారు వచ్చింది. ఏరియా మాత్రం మారలేదు. అమీర్‌పేట నుంచి బయటపడటం అంత ఈజీ కాదు.

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరై, అమ్మతో కలిసి నా దగ్గరికి వచ్చేశాడు. జీవితమంతా బండి నడిపిన మనిషికి సొంత బండి ఇదే మొదటిది. పేరు నాదే అయినా కారు ఆయనది. బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర పూజ చేయించి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టించి, నిమ్మకాయలు తొక్కించింది ఆయనే. ఆ రోజు నుంచి రోజూ పొద్దున అయిదున్నరకి పాత లుంగీ చింపిన గుడ్డ పట్టుకుని సెల్లార్‌లోకి దిగేవాడు. నీళ్లు లేకుండా, పొడిగుడ్డతో, ముందు నుంచి వెనక దాకా గుండ్రంగా తుడిచేవాడు. ఎండిపోయిన కుంకుమని కూడా అలాగే రుద్ది తీసేశాడు.

మీకు అర్థమైపోయింది కదా.

అమీర్‌పేటలో రాత్రంతా కారు మీద పడేది ఉత్త దుమ్ము కాదు. అందులో ఇసుక రేణువులు, సిమెంట్ పొడి ఉంటాయి. పొడిగుడ్డతో తుడిస్తే ఆ రేణువు గుడ్డకీ పెయింట్‌కీ మధ్య చిక్కి గరుకు కాగితంలా గీసుకుంటూ పోతుంది. ఒక రోజుకి ఏమీ తెలియదు. 700 రోజులు అలాగే తుడిస్తే బానెట్ మీద సాలెగూడు తయారవుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో ఒకే బకెట్, ఒకే గుడ్డతో పదిహేను కార్లు తుడిచే అన్న ఉంటే మీ కథ కూడా ఇదే.

ఒక ఆదివారం టార్చ్ వేసి ఇదంతా నాన్నకి చూపించాను. చూపించి ఊరుకుంటే బాగుండేది. "పెయింట్ మొత్తం నువ్వే పాడుచేశావ్ నాన్నా" అన్నాను.

ఆయన బానెట్ వంక చూసి, "ముప్పై ఏండ్లు బస్సు తోలిన. అద్దం తుడవకుండ ఏనాడూ డిపో దాటలే" అని గుడ్డ మడిచి సైడ్ మిర్రర్ మీద పెట్టి పైకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున సెల్లార్‌లోకి దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు.

రెండు వాష్‌లకే పోయిన మెరుపు

కారు బాగైతే మనిషి కూడా మామూలవుతాడనుకున్నాను. పంజాగుట్ట వైపు ఒక షాపులో "రబ్బింగ్ పాలిష్" చేయించాను. సాయంత్రం కారు తీసుకుంటే అద్దంలా ఉంది. మెట్రో పిల్లర్లు, పైన వెళ్తున్న రైలు, అన్నీ బానెట్‌లో కనిపించాయి. రెండు సార్లు కడిగేసరికి సాలెగూడు మళ్లీ వచ్చి కూర్చుంది.

ఎందుకంటే చాలా పాలిష్‌లలో నూనెలు, మైనం లాంటి ఫిల్లర్లు ఉంటాయి. అవి గీతల్లోకి దిగి పూడ్చేస్తాయి. గీత ఎక్కడికీ పోదు, పైన కప్పు పడుతుంది అంతే. పాలిష్ అయిన వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్లతో పలచన చేసి, మైక్రోఫైబర్ గుడ్డతో ఒక చోట తుడిచి టార్చ్ వేస్తే నిజం బయటపడుతుంది. ఇంకెవరి దగ్గరైనా పాలిష్ చేయిస్తే డబ్బులిచ్చే ముందు ఈ టెస్ట్ అడగండి.

పెయింట్ కరెక్షన్ వేరే పని. అందులో గీతని పూడ్చరు. గీత చుట్టూ ఉన్న పైపొరని సన్నగా అరగదీసి, గీత అడుగు దాకా సమం చేస్తారు. ఇప్పటి కార్లకి రంగు మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది. అదే క్లియర్ కోట్. ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపి ఫ్యాక్టరీ పెయింట్ మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే జిరాక్స్ కాగితం మందమో, అంతకంటే కాస్త ఎక్కువో. అందులో క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల నుంచి రంగుని కాపాడేది అదే. మనం అరగదీసేది కూడా దాన్నే. ఒకసారి పోతే తిరిగి రాదు, మళ్లీ పెయింట్ వేయించడమే.

అంటే ఇది బ్యాకప్ లేని డేటాబేస్ మీద డిలీట్ కొట్టడం లాంటిది. ఆఫీసులో అలాంటి పని ఎవరైనా చేస్తుంటే అందరికంటే ముందు అరిచేది నేనే. ఇంటి దగ్గర మాత్రం ఆన్‌లైన్‌లో మెషీన్ ఆర్డర్ పెట్టేశాను.

పసుపు ప్యాడ్ చేసిన మోసం

మెషీన్ గురించి పదిహేను వీడియోలు చూశాను. ప్యాడ్ గురించి ఒక్కటే చూశాను. అక్కడే తప్పు జరిగింది. గీత తీసేది మెషీన్ అని మనం అనుకుంటాం. మెషీన్ తిప్పుతుంది అంతే. పెయింట్‌కి తగిలేది ప్యాడ్, దాని మీద ఉన్న కాంపౌండ్. అదే మెషీన్, అదే కాంపౌండ్ పెట్టుకుని ప్యాడ్ మారిస్తే ఫలితం పూర్తిగా మారిపోతుంది.

ఆ వీడియోలో ఆయన పసుపు ప్యాడ్ వాడి, "ఇది మెత్తటిది, ఫినిషింగ్‌కి బాగుంటుంది" అన్నాడు. నేను వెళ్లి వేరే కంపెనీ పసుపు ప్యాడ్ కొన్నాను. డోర్ మీద తిప్పాను. సాలెగూడు పోయింది, దాని బదులు డోర్ మొత్తం పొగమంచు పట్టినట్టు మసకబారింది.

తర్వాత తెలిసిందేంటంటే, ప్యాడ్ రంగులకి అన్ని కంపెనీలకీ ఒకే లెక్క లేదు. ఇటలీ కంపెనీ రూపెస్ ఫోమ్ ప్యాడ్లలో నీలం గరుకైనది, ఆకుపచ్చ మధ్యస్థం, పసుపు మెత్తటిది, తెలుపు అన్నిటికంటే మెత్తటిది. అమెరికా కంపెనీ లేక్ కంట్రీ సీసీఎస్ రకంలో పసుపు అంటే గట్టిగా కోసే కటింగ్ ప్యాడ్. ఇక 3ఎం దగ్గర నీలం ఫోమ్ ప్యాడ్ చివరి మెరుపు కోసం వాడే అల్ట్రాఫైన్. అంటే ఒకరి నీలంతో పని మొదలవుతుంది, ఇంకొకరి నీలంతో పని ముగుస్తుంది. ట్రాఫిక్ సిగ్నల్‌లా రంగు చూసి వెళ్లిపోవడానికి లేదు. ప్యాకెట్ మీద కటింగ్, పాలిషింగ్, ఫినిషింగ్ అని ఏం రాసి ఉందో చదవాలి. ఏమీ రాయని ప్యాడ్ ఎంత చవకైనా కొనొద్దు.

ఆ డోర్ తర్వాత మెత్తటి ప్యాడ్‌తో బాగైంది. అసలు నష్టం వేరే చోట జరిగింది.

నా మెషీన్ డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్. ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే పక్కలకి కూడా ఊగుతుంది. వేడి ఒకే చోట పోగవదు, అందుకే కొత్తవాళ్లకి అదే మంచిది. కానీ బానెట్ మీద కొన్ని గీతలు మొండికేశాయి. ఓపిక లేక, తెలిసినవాళ్ల దగ్గర రోటరీ మెషీన్ అరువు తెచ్చాను. దానికి ఉన్ని ప్యాడ్ తగిలించి ఉంది. రోటరీ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. ఉన్ని ప్యాడ్ అన్నిటికంటే వేగంగా కోస్తుంది. రెండూ చేతికి అలవాటైనవాళ్ల పనిముట్లు. నాకు అలవాటు లేదు.

బానెట్ కుడి అంచు దగ్గర ప్యాడ్ కాస్త వాలింది. అంచుల మీద పెయింట్ సహజంగానే పలచగా ఉంటుంది, పైగా బలమంతా ఆ చిన్న గీత మీదే పడుతుంది. పది సెకన్లు కూడా పట్టలేదు. కాలిన వాసన వచ్చింది. మెషీన్ ఆపి చూస్తే రూపాయి బిళ్లంత మేర నలుపు పోయి బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది.

నాన్న రెండేళ్లు రోజూ తుడిచినా క్లియర్ కోట్ మిగిలింది. నేను పది సెకన్లలో దాన్ని దాటి, రంగుని కూడా దాటి వెళ్లిపోయాను. సెల్లార్‌లో ఆ మచ్చ ముందు కూర్చుని ఆయన్ని అన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

ప్యాడ్ ఎలా ఎంచుకోవాలి

ఆ తర్వాత ఆరు ఆదివారాలు నేను నేర్చుకున్నది ఇది. మీరు నా అంత ఖర్చు పెట్టకుండా నేర్చుకోవచ్చు.

మొదటి సూత్రం మన అమ్మలకి ఎప్పుడో తెలుసు. నాన్‌స్టిక్ పెనం తోమేటప్పుడు అమ్మ ముందు స్పాంజ్ పడుతుంది. పోకపోతే కాస్త గరుకైన పీచు. స్టీల్ పీచుతో మొదలుపెట్టదు. కారుకి కూడా అంతే. మెత్తటి ప్యాడ్, మెత్తటి పాలిష్‌తో ఒక చిన్న చోట చేసి చూడండి. టార్చ్ వేయండి. గీతలు పోతే కారంతా అదే కాంబినేషన్. పోకపోతే ఒక్క మెట్టు మాత్రమే పైకెక్కండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఆ టెస్ట్ స్పాట్ మీద తేలకుండా మిగతా కారు ముట్టుకోవద్దు. ఒక్కో కంపెనీ పెయింట్ ఒక్కో రకంగా ఉంటుంది. కొన్నిటి క్లియర్ కోట్ మెత్తన, కొన్నిటిది గట్టి. ఫ్రెండ్ కారుకి పనిచేసిన ప్యాడ్ మీ కారుకి పనిచేయాలని లేదు.

ప్యాడ్లలో మూడు కుటుంబాలున్నాయి. ఉన్ని ప్యాడ్ వేగంగా కోస్తుంది, వెనకాల మసక వదులుతుంది, తర్వాత ఫోమ్‌తో ఆ మసక తీయాలి. మైక్రోఫైబర్ ప్యాడ్ డీఏ మెషీన్ మీద బాగా కోస్తుంది, కానీ పొడి త్వరగా పట్టేస్తుంది, మెత్తటి పెయింట్ మీద అది కూడా మసక వదలొచ్చు. ఫోమ్ ప్యాడ్ గట్టిది నుంచి మెత్తటిది దాకా అన్ని మెట్లలో దొరుకుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఫోమ్‌లో పాలిషింగ్, ఫినిషింగ్ రకాలు కొనండి. వాటితో పని జరగదని టెస్ట్ స్పాట్ చెప్తే, అప్పుడు మైక్రోఫైబరో, కటింగ్ ఫోమో తెచ్చుకోండి. నా కారుకి చివరికి సరిపోయినవి ఈ మూడే: బానెట్‌కి, రూఫ్‌కి మైక్రోఫైబర్, డోర్లకి పాలిషింగ్ ఫోమ్, ఆఖరున మొత్తానికి ఫినిషింగ్ ఫోమ్.

సైజు చూసుకోండి. మెషీన్‌కి ఉండే బ్యాకింగ్ ప్లేట్ కంటే ప్యాడ్ అర అంగుళమో, కాస్త ఎక్కువో పెద్దదిగా ఉండాలి. 5 అంగుళాల ప్లేట్‌కి అయిదున్నర అంగుళాల ప్యాడ్ సరిపోతుంది. సమానంగా ఉంటే ప్లేట్ అంచు పెయింట్‌కి తగిలే ప్రమాదం ఉంది. మరీ పెద్దదైతే మెషీన్ తిప్పలేదు. బంపర్లు, పిల్లర్లు, డోర్ హ్యాండిల్ చుట్టుపక్కల 3 అంగుళాల ప్యాడ్ కావాలి. లేదంటే నాలాగే పెద్ద ప్యాడ్‌ని అంచు మీద వాలుస్తారు.

మందం కూడా ముఖ్యమే. డీఏ మెషీన్ ఊగే దూరాన్ని త్రో అంటారు, 8, 15, 21 మిల్లీమీటర్లు అలా ఉంటుంది. ప్యాడ్ మరీ మందంగా, మెత్తగా ఉంటే ఆ ఊపునంతా అదే మింగేస్తుంది, పెయింట్ దాకా రాదు. పలచటి ప్యాడ్‌లో ఊపు కిందికి దిగుతుంది. బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీయండి. నడుస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనిపిస్తే ప్యాడ్ పనిచేస్తున్నట్టు. ఒకే చోట వణుకుతుంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టు, లేదా మెషీన్‌ని వంచి పట్టుకున్నట్టు.

ఒక్క ప్యాడ్‌తో కారంతా అవ్వదు. అందరూ డబ్బులు మిగుల్చుకుందామనుకునేది, చివరికి దెబ్బతినేది ఇక్కడే. అరగదీసిన పెయింట్, ఎండిన కాంపౌండ్ ప్యాడ్‌లో పేరుకుంటాయి. ప్యాడ్ తడిసి ముద్దై, వేడెక్కి, కోయడం మానేస్తుంది. ఇంకా వాడితే మధ్యలో ఫోమ్ కుంగిపోతుంది, వెల్క్రో జిగురు ఊడుతుంది. ఒక్కో రకానికి కనీసం మూడు ప్యాడ్లు పెట్టుకోండి. ఒక్కో భాగం అయ్యాక మెత్తటి నైలాన్ బ్రష్‌తో పొడి దులపండి. వేడెక్కిన ప్యాడ్ పక్కన పెట్టి ఇంకోటి తగిలించండి. పని అయ్యాక గోరువెచ్చని నీళ్లలో, కొంచెం సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. కింద పడిన ప్యాడ్‌ని మాత్రం కడగకుండా మళ్లీ పెయింట్ మీద పెట్టొద్దు. సెల్లార్ ఇసుక అందులో ఎక్కి కూర్చుంటుంది.

కొత్త ప్యాడ్‌కి మొదట కాంపౌండ్‌ని పలచగా అంతటా పట్టించాలి. తర్వాత ఒక్కో భాగానికి బఠాణీ గింజంత మూడు నాలుగు చుక్కలు చాలు. మెషీన్‌ని సెకనుకి ఒక అంగుళం చొప్పున నెమ్మదిగా జరపండి. ఎండలో కాలుతున్న బానెట్ మీద చేయొద్దు, కాంపౌండ్ వెంటనే ఎండిపోతుంది. అంచులకి, ప్లాస్టిక్‌లకి మాస్కింగ్ టేప్ వేయండి. పది నిమిషాల పని అది. నేను వేయలేదు కాబట్టే ఈ మాట ఇంత నమ్మకంగా చెప్తున్నాను.

అన్నిటికంటే ముందు గీత మీద గోరు అడ్డంగా జరపండి. గోరు తట్టుకుని ఆగితే ఆ గీత లోతైనది. ఏ ప్యాడూ దాన్ని క్షేమంగా తీయలేదు. తగ్గినంత తగ్గించి వదిలేయండి. కారు ఇదివరకే రెండు మూడు సార్లు పాలిష్ అయి ఉంటే, పెయింట్ మందం కొలిచే గేజ్ ఉన్నవాళ్లకి చూపించాకే మొదలుపెట్టండి. అన్ని గీతలూ పోవాల్సిన అవసరం కూడా లేదు. సాలెగూడు పోయి, లోతైన గీతలు నాలుగు మిగిలితే కారు బాగున్నట్టే. ఆ నాలుగింటి కోసం ఇంకో అయిదు మైక్రాన్లు ఖర్చు చేస్తే, రేపు నిజంగా అవసరమైనప్పుడు మిగలదు.

రెండు బకెట్లు

ఆ రోజు మచ్చ సంగతి నాన్నకి చెప్పకుండా దాచొచ్చు. బ్లాక్ మార్కర్‌తో కప్పొచ్చు. కానీ పైకి వెళ్లి, "నాన్నా, ఒకసారి కిందికి రా" అన్నాను.

ఆయన వంగి ఆ మచ్చ మీద బొటనవేలు పెట్టి చూశాడు. నేను తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను.

"మెషీన్‌తోటా?"

"ఊ."

"గుడ్డతోటైతే ఇంత లోతు పోదు గదా."

"పోదు నాన్నా."

ఇంకేమీ అనలేదు. కాసేపాగి, డ్రైవర్‌గా కొత్తలో డిపోలో బస్సు రివర్స్ తీస్తూ గోడకి గుద్దిన సంగతి చెప్పాడు. నా ఇరవై ఎనిమిదేళ్లలో ఆ కథ ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో ఎవరూ వినలేదనుకుంటా.

వచ్చే ఆదివారం నుంచి ఇద్దరం కలిసే చేశాం. వాచ్‌మన్ అన్నకి చాయ్ ఇప్పించి మోటార్ రూమ్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగేవాళ్లం. నేను మెషీన్ పట్టుకుంటే ఆయన టార్చ్ పట్టుకునేవాడు. ప్యాడ్ ఎప్పుడు వేడెక్కిందో చేయి పెట్టి చెప్పేది ఆయనే. బస్సు టైరు, బ్రేక్ డ్రమ్ము ముట్టుకుని చూసిన చెయ్యి అది, నా అంచనా కంటే కరెక్ట్‌గా ఉండేది.

గుడ్డ విషయం మాత్రం నేను ఆజ్ఞలా చెప్పలేదు. రెండు బకెట్లు కొని తెచ్చాను. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. కారు మీద రుద్దిన మిట్‌ని ముందు మంచినీళ్లలో జాడించాలి, తర్వాతే షాంపూలో ముంచాలి. మొదటిసారి కడిగాక ఆ మంచినీళ్ల బకెట్ అడుగున పేరుకున్న ఇసుక చూపించాను. నాన్న వేళ్లతో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "ఇదా బిడ్డా గీసేది" అన్నాడు. అంతే, ఇంకేం వాదన జరగలేదు. రెండేళ్లకి ముందే చూపించి ఉంటే అసలు ఈ కాలమ్ రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు ఆయన పొద్దున అయిదున్నరకి దిగి తుడవడం లేదు. వారానికి ఒకసారి, ఆదివారం, రెండు బకెట్లతో కడుగుతున్నాడు. మిగతా ఆరు రోజులు దుమ్ము కనిపిస్తుంటే చెయ్యి ఊరుకోదు కదా, అద్దాలు తుడుస్తాడు. కోచింగ్ సెంటర్ల వాళ్లు వైపర్ కింద పెట్టిపోయే పాంప్లెట్లు తీసి పారేస్తాడు. పక్క ఫ్లాట్ అంకుల్ పొడిగుడ్డతో బానెట్ రుద్దుతుంటే వెళ్లి ఆపి, టార్చ్ వేసి క్లాస్ తీసుకుంటున్నాడట. నిన్న అమ్మ చెప్పింది.

మచ్చ అలాగే ఉంది. టచప్ పెయింట్ వేశాను కానీ దగ్గరికెళ్తే తెలుస్తుంది. బానెట్ మొత్తం మళ్లీ పెయింట్ వేయిద్దామా అని అడిగాను. "ఉండనీ రా, నీ చెయ్యి పడ్డ గుర్తు" అన్నాడు నాన్న.

లుంగీ గుడ్డ ఇంకా డిక్కీలోనే ఉంది. దాంతో ఇప్పుడు టైర్లు తుడుస్తున్నాం.